సముద్ర గర్భములో పుప్పొడి – గతించిన గాలుల చరిత్ర

ఉపోద్ఘాతము

మన కళాశాలలో ఉర్దూ తరగతిలో ‘మౌసమ్’ అను మాట వినబడును. ఇంగ్లీషు తరగతిలో ‘మాన్‌సూన్’ అను మాట వినబడును. తెలుగు తరగతిలో మేము ‘ఋతుపవనము’ అని చెప్పుచున్నాము. మొదటి రెండు మాటలును ఒకే తల్లి బిడ్డలు. అరబ్బీ భాషలో ‘వసమ’ అను ధాతువునకు గుర్తు వేయుట అని అర్థము. దాని నుండి పుట్టిన ‘మౌసిమ్’ అను పదమునకు గుర్తింపబడిన కాలము, ఏటేట నియమముగా వచ్చు కాలము అని అర్థము. ఏ కాలమున ఏ గాలి వీచునో, ఆ గాలితో ఏ రేవునకు ఓడ నడుపవచ్చునో అరబ్బు నావికులు ఆ మాటతో చెప్పుకొనిరి. 15వ శతాబ్దికి చెందిన ఇబ్న్ మాజిద్ అను నావికుడు ఈ కాలనియమములను గ్రంథస్థము చేసెను. ఆ మాటయే పోర్చుగీసువారి నోట మారి, తరువాత ఇంగ్లీషులో ‘మాన్‌సూన్’ అయినది.

నావికునకు ఈ గాలి ప్రయాణసాధనము. మన రైతునకు అది జీవనాధారము. 2002లో దేశమునకు నైరుతి ఋతుపవనములు ఇచ్చిన వర్షము దీర్ఘకాలపు సగటులో 81 శాతము మాత్రమే. 2009లో అది 78 శాతమునకు పడిపోయెను. ఇట్టి సంవత్సరము వచ్చినప్పుడు ఒక ప్రశ్న తప్పక పుట్టును: ఈ గాలి స్వభావమే ఇంతయా, లేక దాని నడకలో ఏదైనా కొత్త మార్పు వచ్చినదా? సమాధానము కొరకు పాత లెక్కలు చూడవలెను. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడినది. అనగా మన దేశమంతటికి కలిపి పద్ధతి ప్రకారము వ్రాసిన వర్షపు లెక్క సుమారు 150 సంవత్సరములది. వేల సంవత్సరములుగా వీచుచున్న గాలి స్వభావమును తెలిసికొనుటకు ఈ లెక్క ఏ మూలకు?

ఎముకలున్న జంతువు శిలాజమై మిగులును. గాలికి ఎముకలు లేవు. అది వీచి పోవును. తన రూపమును ఎచ్చటను వదలదు. కాని అది మోసిన బరువు మిగులును. ఆ బరువులో ఒకటి పుప్పొడి. సముద్రపు అడుగున పొరలు పొరలుగా పేరుకొన్న మట్టిలో ఆ పుప్పొడి నేటికిని చెడక నిలిచి ఉన్నది. దానిని చదివి గతకాలపు గాలులను, శీతోష్ణస్థితిని ఎట్లు తెలిసికొనుచున్నారో, ఆ చదువులో ఏ జాగ్రత్త ముఖ్యమో వివరించుట ఈ వ్యాసము ఉద్దేశము. మేము భాషాబోధకులము. ఒక తాళపత్ర ప్రతి చేతికి వచ్చినప్పుడు అందులో ఏమున్నదని అడుగుటకు ముందు, దీనిని ఎవరు వ్రాసిరి, ఎచ్చట వ్రాసిరి, ఎవరి చేతుల మీదుగా ఇచ్చటికి వచ్చినదని అడుగుట మా వృత్తిధర్మము. పుప్పొడి చదువులోను అదే ప్రశ్న ప్రధానమైనది.

పుప్పొడి స్వభావము

పూవు, పొడి అను రెండు మాటలు కలిసి పుప్పొడి అయినది. సంస్కృతములో పరాగము. ఉర్దూలో ‘జరె గుల్’, అనగా పూవు బంగారము. పూవులోని పురుష బీజమును మోయు ఈ రేణువు కంటికి విడిగా కనబడదు. చాలవరకు రేణువులు మిల్లీమీటరులో నూరవ వంతు మొదలు పదవ వంతు వరకు ఉండును.

ఇంత చిన్న వస్తువు వేల, లక్షల సంవత్సరములు నిలుచుటకు కారణము దాని పై పెంకు. అది స్పోరోపోలెనిన్ అను పదార్థముతో ఏర్పడినది. జీవులు తయారుచేయు పదార్థములలో ఇంత గట్టివి చాల తక్కువ. ఘాటైన ఆమ్లములు సయితము దానిని తేలికగా కరగింపలేవు. గాలి సోకని తడిమట్టిలో అది చిరకాలము నిలుచును. లోపలి జీవపదార్థము నశించినను పెంకు నశింపదు.

రెండవ విశేషము దాని ఆకారము. గడ్డిజాతి రేణువు గుండ్రముగా నుండి, ఒకే ఒక రంధ్రము కలిగియుండును. తోటకూర, చక్రవర్తికూర కుటుంబమునకు చెందిన రేణువు ఒంటినిండ రంధ్రములతో చిన్న బంతివలె ఉండును. పైన్ చెట్టు రేణువునకు ఇరువైపుల రెండు గాలి తిత్తులుండును. వాటి సాయముతో అది చాల దూరము తేలిపోగలదు. ఇట్లు ఒక్క రేణువును చూచి, అది ఏ కుటుంబపు మొక్కదో, కొన్ని పట్ల ఏ ప్రజాతిదో చెప్పవచ్చును.

మూడవ విషయము కూడ విద్యార్థులు గమనింపవలెను. అన్ని మొక్కలును పుప్పొడిని గాలికి అప్పగింపవు. జొన్న, మొక్కజొన్న, గడ్డి, సరుగుడు మొదలగునవి గాలినే నమ్ముకొన్నవి. కావున లెక్కకు మించి పుప్పొడిని వదలును. తంగేడు, మోదుగ వంటివి తుమ్మెదలను, పక్షులను నమ్ముకొన్నవి. వాటి పుప్పొడి తక్కువ, గాలిలో కనబడుట అరుదు. కనుక సముద్రపు అడుగున తంగేడు రేణువు దొరకలేదన్నంత మాత్రమున ఆ దేశములో తంగేడు లేదని చెప్పరాదు.

శాస్త్రము పెరిగిన విధము

1832 జనవరిలో చార్లెస్ డార్విన్ ప్రయాణించుచున్న బీగిల్ నౌక ఆఫ్రికాకు పశ్చిమముననున్న కేప్ వర్డి దీవులను చేరినది. అచ్చట గాలిలో సన్నని ధూళి ఆవరించి యుండుటను ఆయన గమనించెను. ఆ ధూళి పొట్లములను జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎహ్రెన్‌బర్గ్ పరిశీలించి, అందులో 67 రకముల జీవరూపములను గుర్తించెను. ఒడ్డునకు వందల మైళ్ల దూరమున ఖండము యొక్క సూక్ష్మజీవుల పెంకులు, మొక్కల కణజాలము గాలిలో పోవుచున్నవని దీనితో తేలినది.

పుప్పొడిని లెక్కించి గతమును చెప్పు పద్ధతికి 1916లో స్వీడన్ దేశీయుడు లెన్నార్ట్ ఫాన్ పోస్ట్ పునాది వేసెను. స్వీడన్ చిత్తడి నేలలలోని పొరలలో ఏ చెట్టు పుప్పొడి ఎంత శాతమున్నదో పటములు గీసి, ఆ దేశపు అడవుల చరిత్రను చూపెను. ఆయన దేశీయుడే అయిన గున్నార్ ఎర్ట్‌మన్ 1937లో గోటెన్‌బర్గ్ నుండి న్యూయార్క్‌నకు ఓడలో పోవుచు, ధూళి పీల్చు యంత్రములతో సముద్రపు గాలిని వడగట్టెను. అట్లాంటిక్ నడుమ కూడ ఆయనకు పుప్పొడి రేణువులు చిక్కినవి. 1944లో హైడ్, విలియమ్స్ అను ఇరువురు ఈ శాస్త్రమునకు ‘పేలినాలజీ’ అని పేరు పెట్టిరి. చల్లుట అను అర్థముగల గ్రీకు పదము దానికి మూలము. మన దేశములో 1946లో లక్నోలో స్థాపింపబడిన బీర్బల్ సాహ్ని సంస్థ ఈ విద్యకు ముఖ్యకేంద్రము.

లోతు సముద్రపు మట్టిని పొర చెదరకుండ పైకి తెచ్చు సాధనము లేనంతకాలము ఈ విద్య చిత్తడి నేలలకు, సరస్సులకు పరిమితమై ఉండెను. స్వీడన్ దేశస్థుడు కుల్లెన్‌బర్గ్ రూపొందించిన ముషలకపు గొట్టము ఆ లోటు తీర్చినది. 1947–48లో ఆల్బట్రాస్ నౌక ఆ గొట్టముతో ప్రపంచ సముద్రముల నుండి 10 మీటర్లకు మించిన మట్టిస్తంభములను తీసెను.

గాలి నుండి సాగరతలమునకు

సముద్రముపై పడిన రేణువు ఒంటరిగా మునుగవలెనన్న చాలకాలము పట్టును. ఈలోగా ప్రవాహములు దానిని ఎచ్చటికో కొట్టుకొని పోగలవు. కాని జరుగునది వేరు. నీటి పైభాగముననున్న సూక్ష్మజంతువులు ఇతర ఆహారముతో పాటు పుప్పొడిని కూడ మ్రింగును. జీర్ణము కాని పెంకులు వాటి మలగుళికలలో చేరి, బరువెక్కి, త్వరగా అడుగునకు దిగిపోవును. జిగురు పదార్థములతో అతుకుకొని కూడ కొన్ని దిగును. అందువలన పైన గాలి వ్రాసిన వ్రాత పెద్దగా చెరగకుండ అడుగునకు చేరుచున్నది.

అడుగున పొరలు పేరుకొనుట చాల మెల్లని పని. ఉదాహరణకు వెయ్యి సంవత్సరములకు 5 సెంటీమీటర్ల చొప్పున మట్టి చేరుచున్నదనుకొందము. అప్పుడు ఒక సెంటీమీటరు మందమునకు 200 సంవత్సరములు. 10 మీటర్ల స్తంభమునకు 2,00,000 సంవత్సరములు. నదీముఖముల యొద్ద ఇంతకంటె చాల వేగముగా మట్టి చేరును. కాబట్టి అచ్చట తక్కువ కాలము యొక్క చరిత్ర ఎక్కువ వివరముగా లభించును.

పొరల వయస్సు చెప్పుటకు రెండు మార్గములు ముఖ్యమైనవి. మట్టిలోనే ఉండు ఫొరామినిఫెరా అను సూక్ష్మజీవుల సున్నపు పెంకులలోని రేడియో కార్బన్‌ను కొలిచి సుమారు 50,000 సంవత్సరముల వరకు కాలము చెప్పవచ్చును. ఆ పెంకులలోని బరువైన ఆక్సిజన్, తేలికైన ఆక్సిజన్ నిష్పత్తిని కొలిచినచో భూమిపై మంచు పెరిగిన, తరిగిన యుగములు తెలియును. దీని వలన ఇంకను వెనుకటి పొరలను కాలక్రమములో నిలుపవచ్చును. ఒకే మట్టిముక్కలో మొక్కల సాక్ష్యము, సముద్రపు సాక్ష్యము, కాలపు గుర్తు మూడును ఉండుట ఈ పద్ధతి యొక్క గొప్ప బలము. నేలమీది సరస్సులో ఈ సౌకర్యము లేదు.

మట్టి నుండి లెక్కకు

ప్రయోగశాలలో కొన్ని గ్రాముల మట్టిని తీసికొని, హైడ్రోక్లోరిక్ ఆమ్లముతో సున్నమును, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లముతో ఇసుకను, బంకమట్టిని కరగింతురు. రెండవది అత్యంత ప్రమాదకరమైనది. శిక్షణ పొందినవారు తప్ప ముట్టరాదు. చివరకు మిగిలిన దానిని గ్లిసరిన్‌తో గాజుపలకపై పరచి, సూక్ష్మదర్శినిలో 400 రెట్లు, అంతకుమించి పెద్దది చేసి చూచి, ఒక్కొక్క రేణువును పేరు పేరున లెక్కింతురు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. ఒక పొరలో 300 రేణువులు లెక్కించగా 180 గడ్డివి, 120 ఇతరములు అనుకొందము. గడ్డి 60 శాతము. తరువాతి పొర ఏర్పడిన కాలమున గడ్డి, ఇతరములు అంతే ఉన్నవి. కాని కొత్త గాలి ఒకటి పైన్ రేణువులను 300 తెచ్చి చేర్చినది. మొత్తము 600; అందులో గడ్డి 180, అనగా 30 శాతము. ఒక్క గడ్డి రేణువు కూడ తగ్గలేదు. కాని శాతము సగమైనది. శాతమును మాత్రమే చూచువాడు గడ్డిభూములు నశించినవని తప్పు చెప్పును.

ఈ చిక్కు తీరుటకు ఒక సులభోపాయము కలదు. లైకోపోడియం అను మొక్క సిద్ధబీజములను లెక్క తెలిసిన సంఖ్యలో ముందుగానే మట్టిలో కలుపుదురు. 3 గ్రాముల మట్టిలో 10,000 సిద్ధబీజములు కలిపితిమనుకొందము. 300 పుప్పొడి రేణువులు లెక్కించునప్పటికి 100 సిద్ధబీజములు కనబడినవి. కలిపిన వాటిలో నూరవ వంతు కనబడినది కనుక, పుప్పొడి మొత్తము 30,000, గ్రామునకు 10,000. ఇప్పుడు ప్రతి మొక్క పుప్పొడి పెరిగినదో తగ్గినదో విడివిడిగా చెప్పవచ్చును. గణితము ఐదవ తరగతిది. కాని అది లేనిచో నిర్ణయము తలక్రిందులగును.

మోసినదెవరు?

మొక్కను గుర్తించితిమి, లెక్కించితిమి. ఇక అసలు ప్రశ్న. ఈ రేణువును ఇచ్చటికి తెచ్చినది గాలియా, నదియా? గాలియైనచో ఏ గాలి? దీనికి సమాధానము లేనిదే ఆ రేణువు ఏ దేశము గురించి చెప్పుచున్నదో తెలియదు.

ఈ ప్రశ్నకు సమాధానము స్పష్టముగా లభించిన చోటు వాయవ్య ఆఫ్రికా తీరము. సెనెగల్ నదికి ఉత్తరమున సహారా ఎడారి నేరుగా అట్లాంటిక్‌ను తాకుచున్నది. ఆ పొడవైన తీరమున సముద్రములో కలియు పెద్ద జీవనది లేదు. కనుక అచ్చటి అడుగుమట్టిలోని పుప్పొడిని దాదాపు పూర్తిగా గాలియే తెచ్చినదని చెప్పవచ్చును. ఆ గాలులు ముఖ్యముగా రెండు. ఒకటి, నేలకు దగ్గరగా ఈశాన్యము నుండి వీచు వ్యాపార పవనము. అది మధ్యధరా ప్రాంతము నుండి, సహారా ఉత్తరపు అంచు నుండి పైన్, మాచిపత్రి జాతి, ఎఫెడ్రా మొదలగు వాటి పుప్పొడిని తెచ్చును. రెండవది, సుమారు 3 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుండి వేగముగా వీచు గాలి. అది సహారా దక్షిణపు అంచు నుండి, దాని క్రింది గడ్డిభూముల నుండి గడ్డిజాతి, చక్రవర్తికూర కుటుంబపు పుప్పొడిని తెచ్చును.

1980లలో హూగీమ్‌స్ట్రా, ఆయన సహచరులు ముందుగా ఆ సముద్రపు అడుగున పైపొరను మాత్రమే, అనగా నేటి పుప్పొడిని మాత్రమే, ఉత్తరము నుండి దక్షిణము వరకు అనేక చోట్ల పరిశీలించిరి. నేటి గాలులు మనకు తెలియును. నేటి వృక్షసంపద మనకు తెలియును. కావున ఏ గాలికి ఏ పుప్పొడి గుర్తో ఒక నిఘంటువు వంటిది ఏర్పడినది. ఆ తరువాతనే వారు లోతు పొరలను చదివిరి. సుమారు 18,000 సంవత్సరముల క్రిందటి మంచుయుగపు పొరలో వ్యాపార పవనపు పుప్పొడి బాగుగా పెరిగి యుండెను; అనగా ఆ గాలి నేటికంటె బలముగా వీచెను. కాని ఎత్తైన తూర్పుగాలి మార్గము ఉత్తరమునకో దక్షిణమునకో పెద్దగా జరిగిన జాడ లేదు. ఎడారి దక్షిణమునకు విస్తరించినది. గాలి మార్గము మాత్రము జరుగలేదు. మొక్కల పట్టీలు జరిగినచో గాలులు కూడ వాటితో జరుగునని ఊహించుట సహజము. ఆ ఊహ తప్పని పుప్పొడి చెప్పినది. నిఘంటువు ముందు, గ్రంథపఠనము తరువాత అను క్రమము పాటించుట వలననే ఈ ఫలితము లభించినది.

అరేబియా సముద్రపు సాక్ష్యము

ఆఫ్రికా పశ్చిమ తీరమున నేర్చిన పాఠమును ఇప్పుడు మన గాలికి అన్వయింపవచ్చును. అరేబియా సముద్రముపై వేసవిలో నైరుతి గాలి వీచును. కెన్యా, సోమాలియా తీరములను ఒరసికొని వచ్చు ఈ గాలి కొన్ని వందల మీటర్ల నుండి ఒకటిన్నర కిలోమీటరు ఎత్తున అతివేగముగా సాగునని 1969లో ఫిండ్‌లేటర్ వివరించెను. శీతకాలమున దీనికి ఎదురుగా ఈశాన్యము నుండి గాలి వీచును. వాయవ్యము నుండి మెసొపొటేమియా, అరేబియా ధూళితో వచ్చు గాలికి అరబ్బులు ‘శమాల్’ అని పేరిడిరి. ఉత్తరదిక్కునకు ఉర్దూలో నేటికిని అదే మాట. ఇట్లు తూర్పు ఆఫ్రికా ఉష్ణమండలపు పుప్పొడి నైరుతి గాలికి గుర్తు; ఎడారి మొక్కలైన మాచిపత్రి జాతి, ఎఫెడ్రా, చక్రవర్తికూర కుటుంబపు పుప్పొడి ఉత్తర, వాయవ్య దిశల గాలులకు గుర్తు.

ఫ్రెంచి పరిశోధకురాలు ఎలీజ్ వాన్ కాంపో, ఆమె సహచరులు 1982లో ఈ సముద్రపు మట్టి నుండి సుమారు 1,50,000 సంవత్సరముల పుప్పొడి, ఆక్సిజన్ వివరములను ప్రకటించిరి. మంచుయుగములలో ఈ ప్రాంతము ఎండిపోయెననియు, మంచు కరిగిన యుగములలో నైరుతి గాలి విజృంభించెననియు దాని సారాంశము.

అయితే ఒక సందేహము మిగులును. తూర్పు ఆఫ్రికా పుప్పొడి ఎక్కువగుటకు గాలి బలపడుట ఒక్కటే కారణమా? అచ్చట అడవులు పెరిగినను పుప్పొడి పెరుగును గదా! ఈ సందేహమును తీర్చుటకు వేరొక సాక్షి కావలెను. ఆ సాక్షి మొక్కలతో సంబంధము లేనిదై యుండవలెను. నైరుతి గాలి ఒమాన్ తీరము వెంబడి వీచునప్పుడు పైనీటిని తీరము నుండి దూరముగా నెట్టును. ఆ ఖాళీలోనికి అడుగునుండి చల్లని, పోషకములతో నిండిన నీరు ఉబికి వచ్చును. ఆ చల్లని నీటిలో గ్లోబిజెరినా బుల్లాయిడిస్ అను సూక్ష్మజీవి బాగుగా పెరుగును. దాని పెంకుల సంఖ్య గాలి బలమునకు కొలత. 1986లో ప్రెల్, వాన్ కాంపో ఈ పెంకుల లెక్కను, పుప్పొడి లెక్కను ప్రక్కప్రక్కన పెట్టి చూచిరి. రెండును కలిసి హెచ్చుచు, కలిసి తగ్గుచు ఉన్నవి. ఒకరినొకరు ఎరుగని ఇరువురు సాక్షులు ఒకే మాట చెప్పినప్పుడు న్యాయస్థానము నమ్మును. శాస్త్రమును అట్లే నమ్మును.

అదే సంవత్సరము వాన్ కాంపో మన దేశపు నైరుతి తీరమునకు ఎదుటనున్న రెండు మట్టిస్తంభముల పుప్పొడిని వివరించెను. సుమారు 22,000 నుండి 18,000 సంవత్సరముల క్రిందట వేసవి ఋతుపవనము మిక్కిలి బలహీనము. తరువాత తేమ పెరిగి, సుమారు 11,000 సంవత్సరముల క్రిందట అత్యధిక స్థాయికి చేరినది.

దీనికి కారణమేమి? భూమి నేడు జనవరి మొదటి వారములో సూర్యునికి అతి సమీపముగా ఉండును. ఈ సమీపదినము స్థిరము కాదు. సుమారు 23,000 సంవత్సరములలో అది అన్ని ఋతువులను చుట్టివచ్చును. సుమారు 11,000 సంవత్సరముల క్రిందట అది ఉత్తరార్ధగోళపు వేసవిలో వచ్చెను. వేసవి ఎండ హెచ్చగా ఆసియా ఖండము ఎక్కువ కాగి, సముద్రపు గాలిని గట్టిగా లాగినది. 1981లో కుట్జ్‌బాక్ 9,000 సంవత్సరముల నాటి కక్ష్యను కంప్యూటరునకు ఇచ్చి లెక్క వేయగా, ఋతుపవనము నేటికంటె బలముగా వచ్చెను. గణితము చెప్పినదానికి సముద్రపు మట్టి సాక్ష్యము ఇచ్చినది.

గోదావరి ముఖమున

ఇంతవరకు చెప్పిన చోట్ల మోసినది ప్రధానముగా గాలి. మన తూర్పు తీరమున కథ మారును. బంగాళాఖాతములో మోసినది ముఖ్యముగా నది. నాసిక్ సమీపమున త్ర్యంబకములో పుట్టి, మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రదేశములను దాటి 1,465 కిలోమీటర్లు ప్రవహించు గోదావరి, తన పరీవాహక ప్రదేశమంతటి మట్టిని, పుప్పొడిని తెచ్చి సముద్రములో విడుచుచున్నది. కనుక ఇచ్చటి పుప్పొడి గాలి దిక్కును చెప్పదు. వాన ఎంత, ఏ మొక్కలు పెరిగినవి అను సంగతి చెప్పును.

2006లో సముద్ర గర్భపు వాయు హైడ్రేటులను వెదకుటకు భారత ప్రభుత్వ కార్యక్రమము క్రింద ఒక త్రవ్వకపు నౌక మన తీరములకు వచ్చెను. ఇంధనము కొరకు త్రవ్విన ఆ మట్టి చరిత్రకు కూడ ఉపయోగపడినది. గోదావరికి ఎదుట తీసిన స్తంభములో ఆకుల మైనమును పరిశీలించి 2012లో పాంటన్, ఆయన సహచరులు ఒక విషయము ప్రకటించిరి: 4,000 సంవత్సరముల క్రిందటి నుండి 1,700 సంవత్సరముల క్రిందటి వరకు ఎండను తట్టుకొను మొక్కలు క్రమముగా పెరిగినవి. 2015లో జోర్జీ, ఆమె సహచరులు గోదావరి, మహానదుల ఎదుటి మట్టిలోని పుప్పొడిని లెక్కించిరి. 11,300 నుండి 4,200 సంవత్సరముల క్రిందటి వరకు తీరపు అడవులు, మడ అడవులు మిక్కిలి విస్తరించి, మంచి వానలకు సాక్ష్యమిచ్చినవి. ఆ తరువాత పొడినేలల మొక్కలు పెరిగినవి. ఒక పరిశోధన ఆకు మైనమును నమ్మినది. వేరొకటి పుప్పొడిని నమ్మినది. రెండును సుమారు ఒకే కాలమున ఒకే మలుపును చూపినవి.

నేడు కాకినాడ సమీపమున కోరింగ మడ అడవిని చూచువారు దానిని ఎల్లప్పుడు అంతే ఉన్నదని తలచెదరు. దాని పూర్వచరిత్ర ఎదుటనున్న సముద్రపు మట్టిలో వ్రాసి ఉన్నది.

పాటింపవలసిన జాగ్రత్తలు

ఈ విద్యకు హద్దులు కలవు. మొదటిది, అడుగుమట్టిలో పురుగులు తిరిగి పొరలను కలగలుపును. కావున మెల్లగా పేరుకొన్న మట్టిలో పది, ఇరువది సంవత్సరముల సంగతి చెప్పుట సాధ్యము కాదు. అరేబియా సముద్రములో కొన్ని లోతులలో ఆమ్లజని మిక్కిలి తక్కువ. అచ్చట పురుగులు తక్కువ, పుప్పొడి కూడ బాగుగా నిలుచును. రెండవది, ఆమ్లజని ఎక్కువగానున్న చోట సున్నితమైన రేణువులు ముందు నశించి, గట్టివి మిగులును; మిగిలినవే ఉండెనని భ్రమ కలుగును. మూడవది, పుప్పొడి రాలు కాలము, గాలి వీచు కాలము కలియవలెను. నైరుతి గాలి వీచు నెలలలో పూయని మొక్క ఆ గాలికి సాక్షి కాజాలదు. నాల్గవది, మడ అడవి విస్తరించుటకు వానయే కాదు, సముద్రమట్టపు మార్పు కూడ కారణము కావచ్చును. ఐదవది అన్నిటికంటె ముఖ్యమైనది. అరేబియా సముద్రముపై గాలి బలముగా వీచినదన్నంత మాత్రమున దేశమంతట వాన అదే నిష్పత్తిలో కురిసెనని చెప్పరాదు. గాలి వేరు, వాన వేరు. ఒకదాని సాక్షిని రెండవదాని విషయములో అడుగరాదు.

ముగింపు

వాతావరణ శాఖ వారి 150 సంవత్సరముల లెక్కకు సముద్రపు మట్టి లక్షన్నర సంవత్సరముల వెనుకటి పుటలను చేర్చినది. ఆ పుటలు చెప్పు మొదటి మాట, ఋతుపవనము మార్పులేని దైవనియమము కాదని. భూమికి చేరు వేడి మారినప్పుడెల్ల అది మారినదని. పూర్వము ఆ మార్పునకు కక్ష్య కారణము. అది వేల సంవత్సరములలో మెల్లగా జరిగెను. నేడు మానవుడు బొగ్గు, చమురు కాల్చి వాతావరణమును వేడెక్కించుచున్నాడు. ఇది ఒకటి రెండు శతాబ్దములలో జరుగుచున్నది. పూర్వపు మార్పును యథాతథముగా రేపటికి జోస్యముగా చెప్పరాదు. కాని ఈ గాలి ఎంతవరకు మారగలదో తెలిసినవారు మాత్రమే చెరువులను, పంటలను గూర్చి ముందుచూపుతో ఆలోచింపగలరు.

ఈ విద్యలో మన విద్యార్థులు చేయదగిన పని కూడ ఒకటి కలదు. నిఘంటువు లేనిదే గ్రంథము చదువరాదని ఆఫ్రికా తీరపు పరిశోధన చూపినది. ఆ నిఘంటువు నేటి పుప్పొడితో తయారగును. మన కళాశాల మేడపై వారమునకు ఒక గాజుపలకకు పలుచగా వాసెలిన్ పూసి ఒక దినము ఉంచి, తరువాత వృక్షశాస్త్ర ప్రయోగశాలలోని సూక్ష్మదర్శినిలో చూచినచో, ఏ వారమున ఏ మొక్క పుప్పొడి ఎంత వచ్చినదో తెలియును. ఆ దినము గాలి దిక్కును, వానను ప్రక్కన వ్రాయవలెను. ఆవరణలోని చెట్ల పూల నుండి నేరుగా తీసిన పుప్పొడి పలకలను పోల్చుటకు దగ్గర ఉంచుకొనవలెను. దీనికి ప్రమాదకరమైన ఆమ్లములు అక్కరలేదు; గాజుపలకలు, ఒక పుస్తకము, ఓర్పు ఉన్న చాలును. ఒక తరగతి విద్యార్థులు మొదలుపెట్టి తరువాతి తరగతికి అప్పగింపవలెను. మొక్కల పేర్లను తెలుగులోను, ఉర్దూలోను వ్రాసినచో ఆ పుస్తకము రెండు శాఖలవారికిని పనికివచ్చును. కళాశాల పాలకవర్గము వారు ఇందుకు అనుమతి, ఒక బీరువాలో కొంత చోటు ఇచ్చెదరని ఆశించుచున్నాము. నైరుతి గాలి జూన్‌లో వచ్చును. అంతకుముందే మొదటి పలకను మేడపై ఉంచవలెను.